నేల మీది మోకాలు, కుర్చీ మీది మోకాలు

గుంతకల్లు నుంచి బెంగళూరు పోయే రైలు దారిలో ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వరసగా వస్తాయి. ధర్మవరం దాటాక ఒక పాయ పుట్టపర్తిని చుట్టుకుని పెనుకొండ దగ్గర మళ్ళీ కలుస్తుంది. ఈ ప్రాంతపు మోకాళ్ళ నొప్పులు కూడా ఈ పట్టాల మీదే తిరుగుతాయి. చేతిలో డబ్బు లేనివాళ్ళు ఉచిత ఆసుపత్రి ఉన్న పుట్టపర్తి వైపు చూస్తారు. డబ్బున్నవాళ్ళూ, అప్పు పుట్టినవాళ్ళూ బెంగళూరు దాకా పోతారు. అందరి చేతుల్లోనూ ఒక ఎక్స్‌రే కవరు ఉంటుంది. మూడు ఊళ్ళ కవర్లలోంచి మూడు ఫిల్ములు తీసి వెలుతురుకు పెడితే తరచూ ఒకే బొమ్మ కనిపిస్తుంది. మోకాలి లోపలి పక్కన రెండు ఎముకల మధ్య ఉండాల్సిన సందు పోయి ఉంటుంది. అంచుల్లో ఎముక మొనలు లేచి ఉంటాయి. కాలు దొడ్డికాలుగా మారి ఉంటుంది. 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు బ్రిటిష్ వైద్యులు ఈ అరుగుదలకు సున్నా నుంచి నాలుగు దాకా మెట్లు కట్టారు. ఈ మూడు మోకాళ్ళూ నాలుగో మెట్టు మీదే ఉన్నాయనుకుందాం.

బొమ్మ ఒకటే కాబట్టి వైద్యమూ ఒకటే అనేస్తారు. నా పేచీ అక్కడే. ఫిల్ము మోకాలి గతాన్ని చెబుతుంది. ఆ మోకాలు రేపు పొద్దున లేచి ఏం పని చేయాలో చెప్పదు. ఈ మూడు ఊళ్ళ మోకాళ్ళనూ, వాటికి దొరికే వైద్యాలనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలనుకోవడానికి కారణం ఇదే.

ధర్మవరం నేతకాడితో మొదలుపెడదాం. గుంటమగ్గంలో మనిషి గుంట అంచున కూర్చుంటాడు. కాళ్ళు లోపలికి వేలాడతాయి, పాదాలు తొక్కుడు చెక్కల మీద ఉంటాయి. జకార్డు పెట్టె లేవాలంటే కాలు బలంగా తొక్కాలి. ఒక పట్టుచీర దిగేసరికి అలాంటి తొక్కుళ్ళు ఎన్ని వేలో ఎవరూ లెక్కపెట్టరు. ఇంత శ్రమలోనూ ఆ మోకాలు రోజంతా దాదాపు లంబకోణంలోనే ఉంటుంది, పూర్తిగా మడత పడదు. దానికి నరకం గుంటలోకి దిగేటప్పుడూ, గుంటలోంచి లేచేటప్పుడూ మాత్రమే. అదే ఇంట్లో ఆడవాళ్ళు నేల మీద సక్కలముక్కలం వేసుకుని రాట్నం ముందు కండెలు చుడతారు. వాళ్ళ మోకాళ్ళది వేరే కథ. నేతన్నల ఆరోగ్యం గురించి జరిగే సభల్లో ఆ కథ మీద మాట్లాడేవాళ్ళు తక్కువ.

పెనుకొండ చుట్టుపక్కల పల్లెల్లో శెనక్కాయ చేలో కలుపు తీసే కూలీ మనిషి మోకాలు ఇంకో రకం. తొలిక పట్టుకుని గొంతుక్కూర్చుంటుంది, లేవకుండా అలాగే ముందుకు జరుగుతుంది. సాలు చివరికి పోయేదాకా మోకాలు పూర్తి మడతలోనే ఉంటుంది. కాయలు వలిచేటప్పుడూ అంతే. ఇంటికొస్తే కట్టెల పొయ్యి నేల మీద, గిన్నెలు తోమేది నేల మీద, మరుగుదొడ్డీ నేల మీదే. బీజింగు నగరంలో వయసు మళ్ళినవాళ్ళ మీద చేసి 2004లో ప్రచురించిన ఒక అధ్యయనం, వయసులో ఉన్నప్పుడు రోజూ ఎక్కువసేపు గొంతుక్కూర్చున్నవాళ్ళకు మోకీలు ఎక్కువగా అరిగిందని చెప్పింది. మన చేలల్లో అలాంటి లెక్క తీస్తే తేలేది ఇంతకంటే ఘోరంగానే ఉంటుందని నా అనుమానం.

మూడోది హిందూపురం బజారులో చింతపండు, మిరపకాయల వ్యాపారి మోకాలు. కుర్చీలో కూర్చుంటాడు, ఇంట్లో సోఫా, బాత్రూములో కమోడ్. ఆ మోకాలిని అరగదీసింది పని కాదు, ఒంటి బరువు. పక్కన చక్కెర జబ్బు కూడా ఉంటుంది. ఒక కిలో బరువు తగ్గితే అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని నడకను కొలిచినవాళ్ళు తేల్చారు. ఈయనకు ఆ ఒక్క లెక్కే సగం మందు.

ఆపరేషన్ మాట ఎత్తేముందు ఒక అడ్డంకి దాటాలి. మన ఊళ్ళలో అన్ని కీళ్ళ నొప్పులకూ కలిపి చెప్పే మాట ‘గుజ్జు అరిగిపోయింది’. అది నిజమయ్యే సందర్భాలే ఎక్కువ, కాని అన్ని సందర్భాల్లోనూ నిజం కాదు. పొద్దున లేచాక గంటకు పైగా వేళ్ళూ మణికట్లూ బిగుసుకుపోయి, రెండు చేతుల్లోనూ ఒకే చోట వాచి ఉంటే అది కీళ్ళవాతం, రుమటాయిడ్ ఆర్థరైటిస్. మెథోట్రెక్సేట్ లాంటి మందు వేళకు మొదలుపెడితే కీలు మిగులుతుంది. ఆలస్యమైతే ఇరవయ్యో ముప్పయ్యో ఏళ్ళకే ఆపరేషన్ బల్ల దాకా వస్తుంది. అరుగుదల నొప్పిలో పొద్దుటి బిగుసు అరగంటలోపే సడలుతుంది. 2006లో చికున్‌గున్యా రాయలసీమను మంచాన పడేసినప్పుడు జ్వరం వారంలో పోయినా కీళ్ళ నొప్పులు నెలల తరబడి, కొందరికి ఏళ్ళ తరబడి ఉండిపోయాయి. అనంతపురం ప్రాంతపు బోరునీళ్ళలో ఫ్లోరైడ్ పాత శత్రువు. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో బయటపడ్డ ఫ్లోరోసిస్ మన దేశంలో వైద్యుల లెక్కకెక్కిన తొలి కేసులు. నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాణాలు ఒప్పుకోవు. ఏళ్ళ తరబడి అలాంటి నీళ్ళు తాగినవాళ్ళలో ఎముక గట్టిపడుతుంది, ఎముకలకు అతుక్కునే చోట స్నాయువులు రాయిలా మారతాయి, నడుమూ మెడా వంగవు. అలాంటి మనిషికి మోకాలు మార్చినా నడక బాగుపడదు, ఎందుకంటే లోపం ఒక్క మోకాల్లో లేదు. 1990ల్లో పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు అప్పటి అనంతపురం జిల్లా పల్లెలకు వేసిన నీటి పథకాన్ని నేను ఎముకల వైద్యంగానే లెక్కిస్తాను. వందల ఊళ్ళ మోకాళ్ళకూ నడుములకూ అది ముందు జాగ్రత్తగా చేసిన పని.

ఇక అసలు పోలిక. మొదట పూర్తి మోకాలి మార్పిడి.

మన దగ్గర దీన్ని ‘చిప్పలు మార్చడం’ అంటారు గాని మార్చేది చిప్పను కాదు. తొడ ఎముక కింది కొసనూ, కాలి ఎముక పై కొసనూ సన్నగా కోసి లోహపు తొడుగులు వేస్తారు. మధ్యలో పాలిథిలీన్ బిళ్ళ ఒకటి పెడతారు. 1890 ప్రాంతంలో బెర్లిన్‌లో థెమిస్టోక్లెస్ గ్లుక్ ఏనుగు దంతంతో మోకాలు చేసి పెట్టాడు. ఇన్‌ఫెక్షన్లతో ఆ ప్రయత్నం ముగిసింది. ఈనాటి రూపం 1970లలో న్యూయార్కులో జాన్ ఇన్‌సాల్ బృందం నుంచి వచ్చింది. ఆ బృందంలో భారతదేశంలో పుట్టి పెరిగిన చిత్తరంజన్ రణావత్ ఒకడు. 2000 అక్టోబరులో ప్రధాని వాజపేయి ఎడమ మోకాలినీ, 2001 జూన్‌లో కుడి మోకాలినీ ముంబయి బ్రీచ్ క్యాండీ ఆసుపత్రిలో మార్చింది ఆయనే. పత్రికలు రోజూ రాయడంతో ఆ ఆపరేషన్ పేరు పల్లెలకు తెలిసింది. అంతగా రాయని సంగతి ఒకటుంది. దేశ ప్రధానికి రెండు మోకాళ్ళ మధ్య ఎనిమిది నెలలు ఆగారు. మన దగ్గర ‘ఒకే ఖర్చు, ఒకే మత్తు’ అని రెండూ ఒకే రోజు చేయించుకునేవాళ్ళు చాలామంది. గుండె గట్టిదైతే, వయసు మరీ ఎక్కువ కాకపోతే ఫర్వాలేదు. గుండెజబ్బు ఉన్న డెబ్బయ్యేళ్ళ మనిషి దాన్ని ఖర్చు లెక్కతో నిర్ణయించకూడదు.

ఈ ఆపరేషన్ ఫలితాలను చులకన చేయడానికి లేదు. ఆస్ట్రేలియా, ఫిన్లాండు రిజిస్ట్రీల ఆధారంగా 2019లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన లెక్క ప్రకారం పూర్తిగా మార్చిన మోకాళ్ళలో 82 శాతం 25 ఏళ్ళ తర్వాత కూడా మళ్ళీ మార్చాల్సిన అవసరం లేకుండా ఉన్నాయి. రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి పోతుంది, వంకర కాలు తిన్నగా అవుతుంది. అయినా చేయించుకున్న ప్రతి అయిదుగురిలో ఒకరు తృప్తిపడలేదని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. వాళ్ళ అసంతృప్తికి అన్నిసార్లూ కారణం చెడిపోయిన ఆపరేషన్ కాదు. ఆపరేషన్ బాగానే జరిగి ఉంటుంది, ఆశ వేరే ఉంటుంది.

ఆ ఆశ దగ్గరే నేలా కుర్చీ వేరుపడతాయి. మార్చిన మోకాలు సాధారణంగా 110 నుంచి 120 డిగ్రీల దాకా వంగుతుంది. కుర్చీలోంచి లేవడానికీ, మెట్లు ఎక్కడానికీ ఆ మాత్రం చాలు. గొంతుక్కూర్చోవడానికీ, బాసింపట్టు వేసుకోవడానికీ, నమాజులో కూర్చోవడానికీ అది చాలదు. వంగినా వైద్యులు వద్దంటారు, ఎందుకంటే ఆ మడతలో భారమంతా పాలిథిలీన్ బిళ్ళ వెనక అంచు మీద పడుతుంది. కుర్చీలో బతికే జనం కోసం కుర్చీలో బతికే జనం తయారుచేసిన వస్తువు ఇది. దీన్ని తప్పు అనను. ముందే చెప్పకపోవడాన్ని తప్పు అంటాను. ‘హై ఫ్లెక్స్’ మోకాలు వేస్తే కింద కూర్చోవచ్చు అనే ప్రచారం దశాబ్దాలుగా నడుస్తోంది. మామూలు మోకాలితో పోల్చి చేసిన పరీక్షల్లో వంగే కోణంలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఆపరేషన్‌కు ముందు మోకాలు ఎంత వంగేదో, తర్వాతా దాదాపు అంతే వంగుతుంది. ఆ సంగతి ఏ కరపత్రంలోనూ ఉండదు. రోబో సాయంతో చేసేవాటి సంగతీ కొంచెం అంతే. కోత మరింత కచ్చితంగా పడుతుంది, నిజమే. ఆ కచ్చితత్వం ఏళ్ళ తర్వాత రోగి నడకలో ఎంత తేడా తెస్తుందో ఇంకా గట్టిగా తేలలేదు. ప్రకటన పలకల మీద రోబో చెయ్యి మాత్రం సర్జన్ కంటే పెద్దగా ఉంటుంది.

ఇప్పుడు మూడు మోకాళ్ళనూ దీని పక్కన పెట్టండి. హిందూపురం వ్యాపారికి పూర్తి మార్పిడి దాదాపు కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. బరువు, చక్కెర అదుపులోకి వస్తే చాలు. ధర్మవరం నేతకాడి విషయంలో ఊహించని ఫలితం వస్తుంది. చూడ్డానికి ఆయన పని ఎంతో కఠినం, కాని ఆ కూర్చునే తీరు కుర్చీకి దగ్గర. లంబకోణంలో పనిచేసే మోకాలికి ఈ కృత్రిమ కీలు సరిపోతుంది. అడ్డం వచ్చేది గుంట ఒక్కటే. మగ్గాన్ని నేల మీదికి ఎత్తి చట్రం మీద నిలబెట్టి, ఎత్తు బల్ల మీద కూర్చునే వీలు చేస్తే ఆపరేషన్ తర్వాత కూడా ఆయన నేయగలడు. కొందరికి ఆ మార్పుతోనే ఆపరేషన్ కొన్నేళ్ళు వాయిదా పడవచ్చు. మగ్గం మార్చడం మోకాలు మార్చడం కంటే చౌక. చేనేత శాఖ పథకాల్లో ఇది ఎముకల డాక్టరు సలహాతో కలిసి రావాల్సిన మాట.

చిక్కంతా పెనుకొండ కూలీ మనిషితోనే. పూర్తి మార్పిడి ఆమె నొప్పి తీసి ఆమె కూలి పోగొడుతుంది. నిలబడి చేసే పని దొరికితే మంచిదే, కాని శెనక్కాయ చేలో అలాంటిది తక్కువ. అందుకే మొదట అడగాల్సినవాటిని కాదని చివరి దాన్నే మొదట అడగడం ఆమె విషయంలో మరీ అన్యాయం.

మొదట అడగాల్సింది ఆపరేషన్ లేని దారి. దాని గురించి మన దగ్గర రెండు అతివాదాలున్నాయి. ‘ఎక్సర్‌సైజుతో ఏమవుతుంది’ అనేది ఒకటి, ‘నూనె రాస్తే గుజ్జు మళ్ళీ పుడుతుంది’ అనేది రెండోది. రెంటినీ పక్కన పెట్టి డెన్మార్కులో చేసి 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో అచ్చయిన ఒక పరీక్ష చూద్దాం. మోకాలు మార్చడానికి అర్హులైన 100 మందిని లాటరీ పద్ధతిలో రెండుగా విడదీశారు. సగం మందికి ఆపరేషన్ చేసి ఆపైన వ్యాయామం, సగం మందికి ఆపరేషన్ లేకుండా 12 వారాల వ్యాయామం, ఆహార సలహా, నొప్పి మందులు. ఏడాది తర్వాత చెప్పుకోదగ్గ మెరుగు ఆపరేషన్ జట్టులో 85 శాతానికి, రెండో జట్టులో 67 శాతానికి కనిపించింది. సగటు మెరుగు ఆపరేషన్ జట్టులో రెట్టింపు. ఆపరేషన్ గెలిచింది, సందేహం లేదు. రెండో అంకె మీద కూడా కళ్ళు నిలపండి. ఆపరేషన్ గది గడప తొక్కబోయిన ప్రతి ముగ్గురిలో ఇద్దరికి కత్తి లేకుండానే గుర్తించదగ్గ ఉపశమనం వచ్చింది. ఆ జట్టులో ఏడాదిలోపు ఆపరేషన్‌కు పోయినవాళ్ళు నాలుగో వంతు మాత్రమే. పెద్ద ఇబ్బందులు ఆపరేషన్ జట్టులో 24, రెండో జట్టులో 6. ఇలా చూస్తే ఆపరేషన్ బలమైన మందు, వ్యాయామం నమ్మదగ్గ మందు. నమ్మదగ్గదాన్ని ఒక్క 12 వారాలైనా సరిగ్గా వాడకుండా బలమైనదాన్ని రాసేయడం తొందరపాటు.

తొడ ముందు కండరాన్ని బలపరచడానికి యంత్రాలేమీ అక్కర్లేదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, పడుకుని మోకాలు చాచి కాలు ఎత్తి నిలపడం, రోజూ కాస్త నడక. వీటికి కావలసింది వారానికి రెండుసార్లు చూసి సరిదిద్దే ఫిజియోథెరపిస్టు. ఆ మనిషి లేనిచోట జనం సూదుల వైపు పోతారు. కీలులోకి స్టెరాయిడ్ సూది కొన్ని వారాల ఉపశమనం ఇస్తుంది. మూడు నెలలకొకటి చొప్పున రెండేళ్ళు వేసిన పరీక్షలో మామూలు ఉప్పునీటి సూదితో పోలిస్తే నొప్పిలో లాభమేమీ తేలలేదు, మృదులాస్థి మాత్రం మరింత పలచబడింది. దుర్బిణి పెట్టి కీలు కడిగే ఆపరేషన్ కథ ఇంకా విచిత్రం. 2002లో అమెరికాలో 180 మంది మీద చేసిన పరీక్షలో, అరిగిన మోకాలిని నిజంగా కడిగినవాళ్ళకూ, ఊరికే చర్మం మీద గాట్లు పెట్టి కుట్టినవాళ్ళకూ ఫలితం ఒకటే. అయినా అరుగుదల నొప్పికి ఆ ‘క్లీనింగు’ సలహా ఇప్పటికీ అక్కడక్కడా వినిపిస్తూనే ఉంది.

రెండో దారి ఉన్న మోకాలినే కాపాడుకునే ఆపరేషన్లు. మన దొడ్డికాళ్ళలో అరుగుదల ఎక్కువగా లోపలి అరలోనే ఉంటుంది, బయటి అర బాగానే ఉంటుంది. అలాంటప్పుడు మోకాలి కింద కాలి ఎముకను కోసి కోణం సరిచేసి ప్లేటు వేస్తే బరువు బాగున్న పక్కకు మళ్ళుతుంది. దీన్ని ఆస్టియోటమీ అంటారు. దీనికి ఎముక అతుక్కునేదాకా వారాల తరబడి కర్రల సాయం కావాలి. సొంత కీలు సొంతంగానే మిగులుతుంది, నేల మీద కూర్చోవడాన్ని అది అడ్డుకోదు. 55 ఏళ్ళలోపు శ్రమచేసే మనిషికి, ముఖ్యంగా అరుగుదల చివరి మెట్టు చేరకముందు, మొదట చర్చకు రావాల్సింది ఇదే. పెనుకొండ మనిషి 45 ఏళ్ళప్పుడు మోకాలు పట్టుకుని వస్తే ఇది అందేది. 60 దాటి నాలుగో మెట్టు మీద నిలబడ్డాక ఆ రైలు పోయినట్టే.

సగం మార్పిడి ఇంకొకటి. అరిగిన ఒక్క అరకే తొడుగు వేస్తారు, ముందరి లిగమెంటు మిగులుతుంది, మోకాలు ఎక్కువ వంగుతుంది, కోలుకోవడమూ తొందర. బ్రిటన్‌లో 528 మంది మీద అయిదేళ్ళు నడిచిన పరీక్షలో సగం మార్పిడి పూర్తి మార్పిడితో సమానంగా నిలిచింది, ఖర్చు తగ్గింది. ఎదురు అంకె కూడా ఉంది. 25 ఏళ్ళకు పూర్తి మోకాళ్ళు 82 శాతం నిలిస్తే సగం మోకాళ్ళు 70 శాతమే నిలిచాయి. దీనికి సర్జన్ల అనుభవం కూడా ఒక కారణం. తాను చేసే మోకాళ్ళలో అయిదో వంతైనా సగం మార్పిడులు చేసే సర్జన్ దగ్గర ఫలితాలు బాగుంటాయి, ఎప్పుడో ఒకటి చేసేవాడి దగ్గర బాగుండవు. ‘మీరు ఇవి తరచూ చేస్తారా’ అని అడగడానికి రోగి మొహమాటపడకూడదు.

తుంటి సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే మన దగ్గర తుంటి అరుగుదల మోకాలితో పోలిస్తే చాలా తక్కువ. మన తుంటి మార్పిడుల వెనక ఎక్కువగా ఉండేది ఎముక తలకు రక్తం అందక చచ్చిపోవడం, ఏవీఎన్. పడేది ముప్పై, నలభై ఏళ్ళవాళ్ళు. కారణాల్లో మద్యం ఒకటి, స్టెరాయిడ్ మాత్రలు ఒకటి. ఒళ్ళు నొప్పులకు పేరు లేని పొట్లాలు ఇచ్చేవాళ్ళ దగ్గర, ‘మూలికా మందు’ పేరుతో అమ్మే మాత్రల్లో స్టెరాయిడ్ కలిసి ఉండటం కొత్త కాదు. తొలి దశలో పట్టుకుంటే ఎముకకు రంధ్రం చేసి ఒత్తిడి తగ్గించి తలను కాపాడవచ్చు. కుదరకపోతే మార్పిడి. 1962లో ఇంగ్లండులోని రైటింగ్టన్‌లో జాన్ చార్న్‌లీ పాలిథిలీన్ గిన్నెతో తుంటిని నిలబెట్టాడు. అంతకుముందు ఆయన టెఫ్లాన్‌తో వేసిన వందల తుంటులు అరిగిపోయాయి. తృప్తి విషయంలో తుంటి మోకాలిని మించుతుంది, నిరాశపడేవాళ్ళు పదిమందిలో ఒకరు. మన్నికలో 25 ఏళ్ళకు 58 శాతమే తేలింది, కాని అవి పాత పాలిథిలీన్ రోజుల తుంటులు. అందరూ గుర్తుంచుకోవాల్సిన చేదు అనుభవం ఒకటుంది. లోహం మీద లోహం రాసుకునే డీప్యూ ఏఎస్ఆర్ తుంటిని 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి పిలిచారు. మన దేశంలో సుమారు 4,700 మందికి అది వేశారు. వాళ్ళలో అత్యధికుల ఆచూకీ ఎవరి దగ్గరా లేదని కేంద్రం వేసిన నిపుణుల కమిటీ 2018లో తేల్చింది. ఇంప్లాంట్ పెట్టె మీది స్టిక్కర్‌ను డిశ్చార్జి కాగితంతో పాటు పదిలంగా దాచుకోమని చెప్పడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

డబ్బు దగ్గరికి వస్తే ఇంకో పోలిక ఎదురవుతుంది. 2017 ఆగస్టు 16న కేంద్ర మంత్రి అనంత్ కుమార్ మోకాలి ఇంప్లాంట్ల ధరలకు కళ్ళెం వేసినట్టు ప్రకటించారు. అప్పట్లో సగటున ₹1,58,324కు అమ్ముతున్న కోబాల్ట్-క్రోమియం మోకాలికి ₹54,720 గరిష్ఠ ధర, ₹2,49,251కు అమ్ముతున్న టైటానియం వంటి ప్రత్యేక లోహపు మోకాలికి ₹76,600 పెట్టారు, జీఎస్టీ అదనం. ఇది నిజంగా పెద్ద మేలు. కాని కళ్ళెం పడింది ఇంప్లాంటుకే. గది అద్దెకూ, ఆపరేషన్ థియేటరుకూ, ‘రోబో ఛార్జీ’కీ పడలేదు. బెంగళూరులో ప్యాకేజీ చెప్పినప్పుడు అందులో ఇంప్లాంటు ఎంత, మిగతాది ఎంత అని విడదీసి రాయించుకోవాలి.

దానికి ఎదురుగా పుట్టపర్తి ప్రశాంతిగ్రామంలో బిల్లు కౌంటరు లేని ఆసుపత్రి ఉంది. 1991 నవంబరు 22న ప్రధాని పి.వి. నరసింహారావు ప్రారంభించిన సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి అది. గుండె వైద్యంతో మొదలై తర్వాత ఎముకల విభాగాన్నీ చేర్చుకుంది. అక్కడ కావలసింది డబ్బు కాదు, ఓపిక. వరస వచ్చేదాకా ఆగాలి. బెంగళూరులో కావలసింది ఓపిక కాదు, డబ్బు. వాదన ఇక్కడితో ఆపేసేవాళ్ళే ఎక్కువ. నా మటుకు ఈ రెంటిలో ఏది మెరుగని తేల్చడం కష్టం కాదు. మోకాలి మార్పిడి గుండెపోటు కాదు, నెలలు ఆగినా ప్రాణం పోదు. ఆ ఆగిన నెలల్లో తొడ కండరం బలపడితే, చక్కెర తగ్గితే ఆపరేషన్ ఫలితమే మెరుగవుతుంది. నిరీక్షణను రోగి శిక్షగా కాక తయారీగా వాడుకోగలిగితే పుట్టపర్తి వరసే మంచిది. వట్టి నిరీక్షణ అయితే కాదు. కాలు మరింత వంకరపోతుంది, కండరం కరిగిపోతుంది. బత్తలపల్లిలో ఆర్డీటీ ఆసుపత్రీ, అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రీ కూడా ధర్మవరానికి దగ్గరే. బెంగళూరు పోవాల్సి వచ్చినా కార్పొరేట్ గుమ్మమే దిక్కు కాదు, జయనగరలో ప్రభుత్వ సంజయ్ గాంధీ ఎముకల ఆసుపత్రి ఉంది. డెబ్బై దాటినవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ కార్డు ఇచ్చే పథకం 2024 అక్టోబరులో మొదలైంది. తమ ఆపరేషన్ రాష్ట్ర ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవలో గాని, ఆయుష్మాన్ పథకంలో గాని ఏ ఆసుపత్రిలో అందుతుందో ఆరోగ్యమిత్రను ముందే అడగాలి.

పుట్టపర్తిలో చేసినా బెంగళూరులో చేసినా రోగి కొన్ని రోజులకు వాకరుతో ఇంటికొస్తాడు. సర్జన్ పని గంటన్నర, మిగతా ఆరు వారాల పని ఫిజియోథెరపిస్టుది. మోకాలు పూర్తిగా చాపడం ఈ వారాల్లోనే రావాలి. ఇప్పుడు రాకపోతే తర్వాత తేవడం చాలా కష్టం. ఊళ్ళో దింపిపోయాక ఆ మోకాలిని చాపించేవాళ్ళు ఎవరు? నొప్పి పుడుతుందని ఇంట్లోవాళ్ళే మోకాలి కింద దిండు పెట్టి ఒంచి పడుకోబెడతారు. ప్రేమతో చేసే ఆ పనే లక్షల ఆపరేషన్‌ను పాడుచేస్తుంది. తుంటి వైపు కంటే మోకాలి వైపు నిరాశ ఎక్కువగా ఉండటానికి ఈ వారాల నిర్లక్ష్యం కూడా ఒక కారణమని నా నమ్మకం.

కాబట్టి శ్రీ సత్యసాయి జిల్లా యంత్రాంగానికి ఒక విన్నపం. కొత్త ఆపరేషన్ థియేటరుకు శంకుస్థాపన చేసేముందు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రభుత్వ ఆసుపత్రుల్లో రోజూ కూర్చునే ఫిజియోథెరపిస్టును పెట్టండి. ఆపరేషన్ అయినవాళ్ళకు ఆరు వారాలు, కానివాళ్ళకు 12 వారాలు వ్యాయామం చేయించండి. రోగులకు కూడా ఒక మాట. సర్జన్ ఎక్స్‌రే చూసి ‘మార్చాలి’ అన్నప్పుడు మీరు ఏం పని చేస్తారో, ఎక్కడ కూర్చుని అన్నం తింటారో, మీ ఇంట్లో మరుగుదొడ్డి ఏ రకమో చెప్పండి. ఆయన అడగకపోయినా చెప్పండి.